ఖాళీగా తిప్పిన తిరగలి

కొండవాలులో రాగిచేల పక్కన, గచ్చపొద కింద ఒక కుందేళ్ల బొరియ ఉండేది. అందులో అత్తాకోడళ్లు కాపురం. అత్త సూరమ్మకి పళ్లన్నీ రాలిపోయి నోట్లో రెండే మిగిలాయి. గడ్డి నమల్లేదు. మెత్తటి రాగిపిండితో కాచిన అంబలే ఆవిడకి పొద్దున్నా, సాయంత్రమూ. ఆ పిండి విసిరేది కోడలు వరహాలు. విసిరే తిరగలి మాత్రం అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నల్లటి మొరటు రాయి. దాని చింతకర్ర పిడి సూరమ్మ అరచేతి పట్టుకి తగ్గట్టు అరిగిపోయి ఉండేది.

ఈమధ్య ఆ తిరగలి మొరాయిస్తోంది. ఎంత విసిరినా పలుకు పలుకుగానే పడుతోంది. రెండోసారి పోసి, మూడోసారి పోసి విసిరేసరికి వరహాలుకి భుజాలు లాగేసేవి.

"ఇది రాయా, నా ప్రాణానికి తగులుకున్న పీడా?"

"రాయికేం కాలేదే. తిరగళ్లు బాగుచేసే వడ్రంగిపిట్ట అప్పన్న ఇటు వచ్చినప్పుడు చూపిద్దాం."

"ఆ, చూపిద్దాం. మీ పుట్టింటి రాయిని ఒక మాటంటే పడదు కదా మీకు!"

అత్త నవ్వేసేది.

అంతలో కూతురి పురుడని సూరమ్మ అవతలి దిబ్బకి వెళ్లింది. ఆవిడ అటు వెళ్లిందో లేదో, నక్క పోలయ్య తాటిమట్ట మీద ఏదో ఈడ్చుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం వరాలూ, ఇంకా ఆ మొండిరాయితో కుస్తీయేనా? చూడలేకపోతున్నానమ్మా. ఇదిగో, ఇటు చూడు!"

పైన కప్పిన గోనె లాగాడు. తెల్లగా, నున్నగా, వెన్నముద్దలా ఉంది కొత్త తిరగలి. వరహాలు చెయ్యి ఆగలేదు. పిడి పట్టుకుని తిప్పితే గిర్రున తిరిగింది. చప్పుడైనా లేదు.

"అబ్బ! దూదిలా ఉంది మావా. ఒక గుప్పెడు గింజ పోసి చూడనా?"

పోలయ్య టపటపా చెంపలేసుకున్నాడు. "తప్పు తప్పు! పసుపు రాయకుండా, బొట్టు పెట్టకుండా కొత్తరాయికి గింజ తగిలిస్తారా ఎవరైనా? ఇల్లాలివి, నీకు నేను చెప్పాలా? శుక్రవారం పూట నీ చేత్తో నువ్వే పెట్టుకో."

వరహాలు సిగ్గుపడిపోయింది. పద్ధతి తెలియనిదాన్ననుకుంటాడేమోనని మళ్లీ గింజ మాట ఎత్తలేదు.

"మరి దీనికి నేనేం ఇచ్చుకోను?"

"నీ దగ్గర ఏం తీసుకుంటానమ్మా? ఆ పాతరాయి పారేసే కష్టం కూడా నీకెందుకు, నేనే లాక్కుపోతా. వాకిట్లో కాళ్లు కడుక్కోడానికి వేసుకుంటా."

అత్తకి ఒక మాట చెప్పాలి కదా అనిపించింది వరహాలుకి. చెబితే వద్దంటుందనీ తెలుసు. అందుకే అప్పటికప్పుడే ఇచ్చేసింది.

శుక్రవారం పసుపు రాసి, బొట్టు పెట్టి విసిరింది. ఒళ్లు అలిసిపోలేదు. పైగా పోసిన గింజలకన్నా పిండే ఎక్కువ పడింది! రంగు కాస్త బూడిదలా తేలింది కానీ, వరహాలు అదేం పట్టించుకోలేదు.

సూరమ్మ తిరిగొచ్చి మూల చూసింది.

"నా రాయేదే?"

"అదిగో అత్తా, దాని బదులు ఇది. ఒక్క వేలితో తిరుగుతుంది!"

సూరమ్మ తెల్లరాయిని తడిమి చూసింది. అంబలి పెడితే తాగింది. ఎలా ఉందత్తా అంటే, "బాగుందే" అంది. రోజూ అలాగే అంది. ఒకనాడు ఆ ముంత కడుగుతుంటే అడుగున రాతి పలుకులతో పాటు విరిగిన పన్నుముక్క కనిపించింది వరహాలుకి.

"నోట్లో రాయి తగులుతుంటే చెప్పొద్దా అత్తా!"

"ముచ్చటపడి తెచ్చుకున్నావు. ఎలా చెప్పనే?"

అప్పుడే అప్పన్న వచ్చి గచ్చకొమ్మ మీద వాలాడు.

"సూరమ్మత్తా, నీ రాయి భలే జాతిరాయి! ఇప్పుడే పోలయ్య వాకిట్లో దానికి గంట్లు కొట్టి వస్తున్నా. నున్నబడింది అంతే. పూట పని. ఇంక ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు." అని, తెల్లరాయి మీద ముక్కుతో ఒక్కటి పొడిచాడు. ముక్కు దిగిపోయింది. "అయ్యో, ఇది బలపం రాయి! మీరు తాగేది సగం రాయేనమ్మా."

వరహాలు పరుగున వెళ్లింది. నక్క వాకిట్లో ఉడుతలు, ఎలుకలు, కంజుపిట్టలు గింజల దొప్పలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాయి. మధ్యలో నల్లతిరగలి. పక్కన కాలు మీద కాలేసుకుని పోలయ్య.

"మావా, నా రాయి నాకిచ్చెయ్!"

"నీ రాయేంటమ్మా? వద్దని నువ్వే కదా ఇచ్చావు! విసురుకోవద్దన్నానా? అందరితో పాటు నిలబడు. పిండిలో సగం మాత్రం ఆ గాదెలో పోసి వెళ్లు."

నీళ్లు నిండిన కళ్లతోనే వరహాలు ఇంటికెళ్లి గింజలు తెచ్చుకుని వరసలో చివర నిలబడింది.

ఒకరోజు సూరమ్మ కూడా వెంట వచ్చింది. వంతు రాగానే చతికిలబడి పిడి పట్టుకుంది. అరిగిన ఆ పిడి మీద ఆవిడ చెయ్యి కుదురుగా ఇమిడిపోయింది.

"జాగ్రత్త ముసలమ్మా, పరాయి సొత్తు!" అన్నాడు పోలయ్య.

సూరమ్మ తలెత్తలేదు. "చూడవే వరాలూ, అప్పన్న ఎంత బాగా కొట్టాడో!" అంటూ విసిరింది. సగం పిండి గాదెలో పోసి ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

"అత్తా, నన్ను ఒక్క మాటైనా తిట్టండి."

"తిడితే వస్తుందా నా రాయి? నడువు, ఎండెక్కుతోంది."

తెల్లరాయి ఇప్పుడు వాళ్ల గుమ్మంలోనే పడి ఉంది. వరహాలు దాని మీదే కాళ్లు కడుక్కుని లోపలికి వెళుతుంది.

తిరగలిని ఖాళీగా తిప్పి మురిసిపోకండి; గింజ పోసి విసిరి, ఆ పిండి పంటి కింద వేసుకుని చూశాకే ఇంటికి తెచ్చుకోండి.