సుద్దగుట్టపై గాయాల స్వామి వెలసిన వైనం

పల్నాటి సీమలో, సున్నపురాతి గనుల నడుమ సుద్దగుట్ట ఉంది. నూట పన్నెండు మెట్లు ఎక్కితే పెంకుల కప్పుతో చిన్న దేవాలయం కనిపిస్తుంది. పీఠం మీద ఉన్నది మరణాన్ని జయించి లేచిన యేసు ప్రభువు స్వరూపం. చుట్టుపక్కల ఊళ్లలో ఏ మతం వారైనా ఆయనను గాయాల స్వామి అనే పిలుస్తారు. మృత్యువును గెలిచిన దేవునికి ఇంకా గాయాలేమిటని కొత్తగా వచ్చిన భక్తులు అడుగుతుంటారు. పెద్దలు వారికి ఈ చరిత్ర చెబుతారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. రాయి కొట్టే కుటుంబాలవారు తాటాకు పందిరి కింద ప్రార్థన చేసుకునేవారు. కొన్నాళ్లకు గుడి లేచింది. ప్రభువు తిరిగి లేచిన దినమైన పాస్కా పండుగ నాటికి స్వరూపం సిద్ధం చేయమని గుడి గురువులు శిల్పి జోజప్పకు అప్పగించారు. ఆయన భార్య లూర్దమ్మ. వారికి ఒక్కడే కొడుకు, ఇరవై ఏళ్ల శౌరయ్య. స్వరూపానికి తగిన తెల్లరాయిని గని నుంచి పెకలిస్తుండగా గట్టు విరిగి శౌరయ్య మీద పడింది. తల్లి ఆ దేహాన్ని కడిగింది. ముఖం ఆనవాలు లేదు. చిన్ననాడు ఉలి తగిలి మడమ మీద పడిన మచ్చను చూసి, వీడు నా బిడ్డేనని గుర్తించింది.

ఆ రాయినే జోజప్ప చెక్కసాగాడు. లూర్దమ్మ మాత్రం ప్రార్థనకు రావడం మానేసింది. ఊళ్లో ప్రార్థనలు నడిపే ముసలి ఉపదేశి యాగప్ప ఒకనాటి ఉదయం ఆమె ఇంటికి వెళ్లాడు.

“ఉపదేశిగారూ, చివరి దినాన చనిపోయినోళ్లందరూ లేస్తారని చెబుతారు గదా. నా బిడ్డ లేస్తే నేనెట్టా గుర్తుపట్టాలి? వాడికి మొహమే మిగల్లేదు” అని ఆమె అడిగింది.

యాగప్ప అరుగు మీద కూర్చుని, యేసు తొలి శిష్యుల సంగతి మెల్లగా చెప్పాడు. తమ గురువు నిజంగానే చనిపోయాడని వారు ఎరుగుదురు. సిలువ మీద మేకులు దిగడం, ప్రక్కలో బల్లెం గుచ్చడం, సమాధికి రాయి దొర్లించడం అన్నీ జరిగాయి. భయంతో వారు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. సమాధి ఖాళీగా ఉందని, ప్రభువు లేచాడని స్త్రీలు వచ్చి చెబితే మగవాళ్లు పిచ్చి మాటలన్నారు. ఆయనే వచ్చి నడుమ నిలబడితే భూతమనుకున్నారు. ఆయన వారి ఎదుటనే కాల్చిన చేప తిన్నాడు. గాయాలలో వేలు పెడితే గాని నమ్మనన్న తోమాసు అనే శిష్యుడికి తన చేతులు చాపి చూపించాడు.

“వాళ్లు నమ్మింది ఇదేనమ్మా. చనిపోయినాయనే లేచాడు, ఇంకెవరో కాదు.”

“అయితే నా కొడుకు మడమ మీది మచ్చ కూడా పోదంటారా?”

“నాకు తెలియదమ్మా. ప్రభువు గాయాలు మాత్రం పోలేదు. నాకు తెలిసింది అంతే.”

లూర్దమ్మ లేచి నేరుగా భర్త పనిచేసే పాకకు వెళ్లింది. స్వరూపం పూర్తి కావచ్చింది. చేతులు, పాదాలు నున్నగా మెరుస్తున్నాయి.

“ఏమయ్యా, ఈయనెవరు?”

“లేచిన ప్రభువు గదే!”

“కాదు. ఈయన చచ్చినోడు కాదు. ఆ చేతులు చూడు.”

జోజప్ప తల వంచుకున్నాడు. “వాడి ఒళ్లు చూసినకాడి నుంచి గాయమంటే చూడలేకపోతన్నా. అందుకే వదిలేశా.”

“నేను వాణ్ణి మచ్చ చూసే గదయ్యా పోల్చుకుంది” అని లూర్దమ్మ ఏడ్చింది. కొడుకు పోయాక వారిద్దరూ కలిసి ఏడ్చింది ఆనాడే. తర్వాత ఆమె రాతి మణికట్టు కదలకుండా పట్టుకుంది, ఆయన ఉలి అందుకున్నాడు. అరచేతుల్లో, పాదాల్లో, ప్రక్కలో గాయాలు తొలిచాడు. ప్రక్క గాయం దగ్గర ఉలి జారి లోతుగా దిగింది. దాన్ని ఆయన సరిచేయలేదు.

పాస్కా వేకువన స్వరూపం చూసి ఊరి పెద్దలు గుడి ముందు గొడవపడ్డారు. పండుగపూట ఈ దెబ్బలేమిటి, మార్చాల్సిందేనని పట్టుబట్టారు. లూర్దమ్మ ఎవరితోనూ వాదించలేదు. ఒంటరిగా లోపలికి వెళ్లి, ప్రభువు అరచేతి గాయంలో వేలుంచి, కొడుకు పేరు పలికింది. బయటికి వచ్చి, “ఆయనే. లేచింది ఆయనే” అంది. ముందుగా యాగప్ప తలపాగా తీసి లోపలికి నడిచాడు. అతని వెనుక అందరూ వెళ్లారు.

నేటికీ పాస్కా వేకువన ఈ దేవాలయంలోకి మొదట స్త్రీలే ప్రవేశిస్తారు. స్వామి గాయాలను తాకి, తాము పోగొట్టుకున్నవారి పేర్లు చెప్పుకుంటారు. వారు వచ్చి ప్రభువు లేచాడని చెప్పేవరకు పురుషులు మెట్ల మీదనే వేచి ఉంటారు. ఇక్కడ దుఃఖం తీరిపోతుందని ఎవరూ మాట ఇవ్వరు. మోయగలిగే బలం వస్తుందని మాత్రం భక్తుల నమ్మకం. నిరుడు వరదలో భర్తను పోగొట్టుకున్న ఒక ఇల్లాలు స్వామి చేయి పట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. ఆమెను ఎవరూ తొందరపెట్టలేదు. ఎండ ఎక్కినా బయట మూడు ఊళ్ల మగవాళ్లు నిలబడే ఉన్నారు. చివరికి ఆమె గడపలోకి వచ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ మాట చెప్పింది. అప్పుడే వారు లోపలికి వెళ్లారు.