ముళ్ళకంప మీద పదకొండు కుచ్చులు

వాగుకు అటొక గొర్రెల దొడ్డి, ఇటొకటి. ఇటు దొడ్డి పక్కనే నక్క వైద్యం మొదలెట్టింది. గొర్రెలకు నక్క వైద్యమేంటని మీరు నవ్వుతారు, అవి నవ్వలేదు మరి! గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా? మందు తాగి బతికిన ప్రతి గొర్రె నక్క గుమ్మంలోని ముళ్ళకంపకు ఒక ఉన్ని కుచ్చు తగిలించి పోవడం అక్కడి ఆనవాయితీ. చచ్చినవాటిని దూరంగా ఈడ్చిపారేసే చాకిరీ కూడా, పాపం, నక్కదే.

ఆ పొద్దున బొల్లి అనే గొర్రె, జ్వరంతో కాలిపోతున్న పిల్లను నడిపించుకుంటూ వచ్చింది. నక్క గుమ్మం దగ్గర కాటన్న అనే ముసలి ఎద్దు నెమరేస్తూ పడుకుని ఉంది.

"ఎక్కడికే బొల్లీ?"

"మందుకు మామా. ఆ కంప చూడు, పదకొండు కుచ్చులు. ఇంకేం సాక్ష్యం కావాలి?"

"చచ్చినవాళ్ళు కుచ్చు ఎక్కడ తగిలిస్తారే?"

బొల్లి ఆగిపోయింది. లోపల్నుంచి నక్క వచ్చింది. "జ్వరం బిడ్డను ఎండలో నిలబెట్టి ముచ్చట్లేంటక్కా? రా లోపలికి."

కాటన్న కదల్లేదు. "మొన్నటి వానలకు రెండు దొడ్లకూ ఇదే జ్వరం. ఇక్కడ ఇరవై పడ్డాయి, ఇరవయ్యీ మందు తాగాయి. ఎన్ని పోయాయి?"

"తొమ్మిది," అంది బొల్లి.

"అటు దొడ్డిలోనూ ఇరవై పడ్డాయి. వాగు పొంగి ఒక్కటీ మందుకు రాలేకపోయింది. నీడన పడుకుని నీళ్ళు తాగాయి, అంతే. పోయినవి రెండు."

"నా దగ్గరివి బాగా ముదిరిన జ్వరాలు మామా," అంది నక్క.

"వాగు జ్వరం చూసి ఆపిందా అల్లుడూ? ముదిరినదాన్నీ ఆపింది, ముదరనిదాన్నీ ఆపింది."

బొల్లి పిల్లకు అడ్డంగా నిలబడింది. "మామా... నా పెద్దోడు తాగనని తన్నుకుంటే, నేనే వాడి నోరు తెరిచి పట్టుకున్నాను."

బొల్లి తలెత్తి నక్క వంక చూసింది. పోయిన వేసవిలో దాని పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉండేవి. ఇప్పుడు పొట్ట నేలకు తగులుతోంది. ఈడ్చిపారేసినవన్నీ ఎక్కడికి పోయాయో ఆ క్షణాన బొల్లికి అర్థమైంది.

పిల్లను నీడకు తోలి నీళ్ళు పట్టింది. తర్వాత తిరిగొచ్చి, కుచ్చులున్న ఆ కంప కిందే మూతితో తొమ్మిది రాళ్ళు దొర్లించి పేర్చింది. చివరి రాయి దగ్గర చాలాసేపు నిలబడింది.

ఆ రాళ్ళు చూశాక మందుకు ఎవరూ రాలేదు. నెల తిరక్కుండానే నక్క పక్కటెముకలు మళ్ళీ బయటపడ్డాయి.

బతికినవాళ్ళ సాక్ష్యం వినే ముందు, చచ్చినవాళ్ళ లెక్క అడగాలి.