దోసిలమ్మ వాగు

వేములదుర్గాన్ని ఏలిన ప్రభువులకు రంగురంగుల పట్టుపుట్టాల మీద మోజు ముదిరిన పూర్వకాలంలో, కోట వెలుపల కొండవాగు ఒడ్డున అద్దకపువారి పేట ఒకటి వెలసింది. ఆ వాగునే కులదేవతగా కొలిచే ఆ భక్తులు ప్రతి శుక్రవారమూ తొట్లలోని తొలిరంగును "తల్లికి చీర" అంటూ నీళ్ళలో ధారపోసేవారు. పేట పెరిగింది, తొట్లు పెరిగాయి, వాటితోపాటు భక్తీ పెరిగింది. చేపలు మాత్రం వెల్లకిలా తేలాయి. అయినా భక్తికి కళ్ళెం వేసేదెవరు!

పేటపెద్ద గురవప్ప భార్య బసవమ్మ అందరికన్నా పెద్ద కడవతో రంగు పోసే ఇల్లాలు. ఒకనాడు, వాగు దిగువ పల్లెలో కాపురముంటున్న కూతురి పసిబిడ్డ ఒళ్ళంతా పుండ్లుపడి, తాగిన పాలు కక్కుతూ, నేడో రేపో అన్నట్టున్నాడని ఆమెకు కబురు వచ్చింది. బసవమ్మ గుండె చెరువైంది. మనవడు దక్కితే వారంవారం రెట్టింపు రంగు పోస్తానని మొక్కుకొని, నీలిరంగు కడవ నెత్తికెత్తుకొని రేవులో దిగింది.

అక్కడ మోకాలిలోతు నీళ్ళలో నిలబడిన ఒక వృద్ధురాలు, "ఏమే తల్లీ, నైవేద్యం పెట్టేవాళ్ళు ప్రసాదం పుచ్చుకోవద్దూ? పోసేముందు ఈ నీళ్ళు ఓ దోసెడు తాగు," అంది. బసవమ్మ కడవ ఒడ్డున దించి దోసిలి పట్టింది గాని, ఆ కంపుకు చెయ్యి నోటిదాకా రాలేదు.

"అయ్యో, ఇవి నోట పెట్టే నీళ్ళా!" అనేసి నాలిక కరుచుకుంది.

"నీ మనవడు రోజూ తాగేవి ఇవేనే, పిచ్చిదానా!"

బసవమ్మ తలెత్తేసరికి అక్కడ మనిషి లేదు. ఆమె కడవతో వెనుదిరిగి, రంగుకడవలు మోసుకొస్తున్న పేటవారికి అడ్డంగా నిలబడి, ముందు దోసెడు తాగి తర్వాత పోయమంది. గురవప్ప మండిపడ్డాడు.

"తాతలనాటి ఆచారాన్ని ఆపడానికి నువ్వెవరే?"

"దిగువనున్న పసివాడికి అమ్మమ్మను!"

గురవప్ప పంతానికి దోసిలి ముంచాడు, తాగలేక బావురుమన్నాడు. ఆనాడే వాగుకు దూరంగా మెరకన గుంతలు తవ్వి, రంగునీళ్ళను ఎండకు ఇగిర్చడం మొదలుపెట్టారు. గట్టు పొడుగునా తుంగ నాటారు. తొలకరి వానలు వాగును కడిగాయి, చేపలు మళ్ళీ ఎదురీదాయి, అమ్మ దయవల్ల బిడ్డ తేరుకున్నాడు.

వృద్ధురాలు నిలిచిన చోట వెలసిన దోసిలివంటి శిలనే దోసిలమ్మగా నేటికీ కొలుస్తున్నారు. జాతరనాడు పేటపెద్ద వాగునీరు తాగాకే అమ్మవారి పల్లకీ లేస్తుంది. ఏ ఏడైనా ఆ దోసెడు ఆయనకు మింగుడుపడకపోతే, పల్లకీని అక్కడే దించి, చుట్టుపక్కల కాలనీలవారితో సహా అందరూ పారలు పట్టుకొని ఎగువకు నడుస్తారు.