రేగమ్మ మరిచిపోయిన అంగలు

అనగనగా ఒక రాళ్ళ అడవిలో పెద్ద బండ ఉండేది. తల ఎత్తి చూస్తే కుందేళ్ళ చెవులు వీపుకు తగిలేవి, అంత ఎత్తు! దాని మీద ఒక ఊట. ఎంత ఎండలకైనా ఇంకేది కాదు. కానీ ఆ నీళ్ళు అవతలి లోయలోకి జారిపోయేవి. ఇవతల ఉన్న కుందేళ్ళకు ఒక్క చుక్క కూడా వచ్చేది కాదు.

అందుకని ప్రతి వేసవిలోనూ ఒక కుందేలు వెదురు గడ పట్టుకుని పరుగెత్తేది. బండ కింద ఉన్న గుంటలో గడ కొన గుచ్చి, గాలిలోకి లేచి, బండ పైకి చేరేది. అక్కడి నుంచి ఒక అడవితీగను కిందికి దించేది. ఆ తీగ పట్టుకుని అందరూ ఎక్కి నీళ్ళు తాగేవారు. మళ్ళీ వేసవికి ఆ తీగ ఎండి తెగిపోయేది. మళ్ళీ ఎవరో ఒకరు ఎగరాల్సిందే.

చాలా ఏళ్ళుగా అలా ఎగిరింది రేగమ్మే. ఇప్పుడు ఆమె ముసలిదైంది. మోకాళ్ళు పట్టేశాయి. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఈ మధ్య దేనికోసమో పొదలోకి వెళ్ళి, ఎందుకొచ్చానా అని అక్కడే నిలబడిపోతోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు వాగు ముందే ఎండిపోయింది. పిల్లలు తడి మట్టి నాకుతున్నారు.

"నేను ఎగురుతానవ్వా," అంది రేగమ్మ మనవరాలు నేరేడి.

అడవిలో అన్నిటికన్నా పొడుగాటి ఎండు వెదురు తెచ్చింది. చిట్టచివర పట్టుకుని పరుగెత్తింది. గడ సగం లేచి ఆగిపోయింది. నేరేడి వెనక్కి వచ్చి ఇసుకలో కూలబడింది.

"భలే ఎగిరావమ్మా! ఇంత ఎత్తు నుంచి నేనూ పడగలను," అన్నాడు తాబేలు డిప్పయ్య.

"ముందు నువ్వు లేచి చూపించు మామా, తర్వాత పడుదువుగాని," అంది నేరేడి, మూతికంటిన ఇసుక దులుపుకుంటూ.

రేగమ్మ దగ్గరికి వచ్చింది. "ఎండుది వద్దే తల్లీ, పచ్చి వెదురు తీసుకో. అది విల్లులా వంగాలి. తిరిగి లేస్తూ నిన్ను పైకి విసరాలి. పట్టు కిందికి దించు. రోజుకు ఒక్క వేలెడు పైకి జరుపుకో. ఆశ కొద్దీ కాదు, బలం కొద్దీ జరుపుకో."

నేరేడి అలాగే చేసింది. రోజుకొక వేలెడు. పది రోజుల్లో గడ నిటారుగా లేవడం మొదలుపెట్టింది. అప్పుడు అడిగింది: "అవ్వా, గుంట దాకా ఎన్ని అంగలు వెయ్యాలి?"

రేగమ్మ నోరు తెరిచింది. అంకె రాలేదు. నిన్నటిదాకా ఉన్నట్టే ఉంది. ఇప్పుడు ఆ చోటు ఖాళీ. 

"పది," అనేసింది.

పదో అంగకు ఎగరాల్సిన కాలికి బదులు నేరేడి రెండో కాలు నేల మీద పడింది. ఒళ్ళు పక్కకు తిరిగింది. వెళ్ళి బండకు కొట్టుకుంది. చెవి చీలింది.

"నువ్వే సరిగ్గా లెక్కపెట్టి ఉండవు," అంది రేగమ్మ.

నేరేడి మళ్ళీ పరుగెత్తింది. మళ్ళీ పక్కకే విసిరింది గడ. ఈసారి భుజం వాచింది.

"నా కాళ్ళకే లెక్క రాదవ్వా," అని వెక్కివెక్కి ఏడ్చింది నేరేడి. "ఇంకెవరినైనా చూసుకో."

రేగమ్మ ఆ చీలిన చెవి వైపు చూసింది. చెప్తే అందరూ ఏమంటారో? చెప్పకపోతే ఈ పిల్ల తన కాళ్ళను తాను ఎప్పటికీ నమ్మదు.

"తప్పు నీది కాదమ్మా," అంది. "నేను మరిచిపోయాను. పది అని ఊరికే అనేశాను."

ఈసారి డిప్పయ్య కూడా వేళాకోళం చెయ్యలేదు. నేరేడే కళ్ళు తుడుచుకుని, "నీకు ఎవరు నేర్పారవ్వా?" అని అడిగింది.

"మా అమ్మ. కానీ అంకె చెప్పలేదే. గుంటకు వీపు పెట్టి నిలబెట్టింది. వచ్చే దారినే వెనక్కి పరుగెత్తమంది. కాళ్ళు ఆగినచోటి నుంచి మళ్ళీ గుంట వైపు రమ్మంది..."

అంటూనే రేగమ్మ లేచింది. గుంటకు వీపు పెట్టి పరుగెత్తింది. మోకాళ్ళు కరకరలాడాయి. పిల్లలు గట్టిగా లెక్కపెట్టారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పదో అంగకు కాలు లేవలేదు. దానంతట అదే ఆగిపోయింది.

"తొమ్మిది!" అని అరిచింది రేగమ్మ. "నేను మరిచినా కాళ్ళు మరవలేదే! రా, నువ్వూ పరుగెత్తు. నీ అంగ నాకన్నా పొడుగు. నీ గుర్తు నీకే ఉండాలి."

నేరేడి తొమ్మిదో అంగ ఆగినచోట తెల్లరాయి పెట్టారు. భుజం వాపు తగ్గాక, ఒక పొద్దున ఆ రాయి దగ్గరి నుంచి నేరేడి బయలుదేరింది.

తొమ్మిది. గడ కొన గుంటలో కూర్చుంది. నేరేడి చేతులు పైకి చాచి నేలను తన్నింది. గడ వంగింది. విరిగిపోతుందనుకుని డిప్పయ్య తల లోపలికి లాక్కున్నాడు. వంగిన గడ లేవడం మొదలుపెట్టింది. ముందు నేరేడి పాదాలు లేచాయి. తర్వాత నడుము. తల నేలకు, పాదాలు ఆకాశానికి. చీలిన చెవి గుండా ఎండ మెరిసింది. ఒక్క క్షణం ఆమెకు బరువే లేదు. ఒళ్ళు తిప్పి, గడను వెనక్కి తోసి వదిలేసింది. గడ ఇటు పడింది. నేరేడి అటు, బండ మీద.

రేగమ్మ తల ఎత్తి చూసింది. ఇన్నేళ్ళు తాను ఎగిరింది. ఆ ఎగరడం ఎలా ఉంటుందో అన్నేళ్ళలో కింద నిలబడి చూడటం ఇదే మొదలు.

"ఇంత అందంగా ఉంటుందా!" అంది.

పైనుంచి తీగ జారింది. పిల్లలంతా ఎగబాకారు. "నన్ను దానికి కట్టి లాగండర్రా!" అని డిప్పయ్య కేకలు పెట్టాడు.

ఆ సాయంత్రం రేగమ్మ పిల్లలందరినీ గుంటకు వీపు పెట్టించి పరుగెత్తించింది.

"నేను మళ్ళీ మరిచిపోతే?" అని అడిగింది.

"మేం పరుగెత్తి చూపిస్తాం అవ్వా!" అన్నారు పిల్లలు, తొమ్మిదో అంగ దగ్గర నిలబడి.

నీతి: మరిచిపోయిన సంగతి దాచిపెడితే మనల్ని నమ్మినవాళ్ళు దెబ్బతింటారు, ఒప్పుకుంటే అందరూ కలిసి దాన్ని వెతికి తెస్తారు.