నడివీధి కొలను

మేఘగిరి రాజు ఉత్తుంగవర్మకి ఓ రోజు పొద్దున్నే పెసరట్టు తింటుండగా అనుమానం వచ్చింది.

"ఏమయ్యా, జనం మన గురించి ఏమనుకుంటున్నారు?"

"దేవుడనుకుంటున్నారు ప్రభూ!" అన్నాడు మంత్రి వీరకేసరయ్య, సంపెంగ నూనె రాసిన మీసం సవరించుకుంటూ.

"నువ్వు చెప్పడం కాదయ్యా, వాళ్ళు చెప్పాలి!"

అలా పుట్టింది ఊరిగోడ. బజారు మధ్యలో పొడుగాటి గోడ కట్టించి, తెల్లగా సున్నం కొట్టించి, రాజుగారు చాటింపు వేయించాడు. కష్టమున్నవాళ్ళు బొగ్గుతో రాయొచ్చు. రాయడం రానివాళ్ళు బొమ్మ వేయొచ్చు. చూసినవాళ్ళకి నిజమే అనిపిస్తే పక్కన జాజుతో ఎర్రచుక్క పెట్టాలి. ఎక్కువ చుక్కలు పడ్డదాన్ని రోజూ సభలో చదివి వినిపించాలి.

ఇంకేముంది, జనానికి పూనకం వచ్చింది! ఒకాయన తను తిన్న గుత్తివంకాయ కూర బొమ్మ వేశాడు. దానికీ చుక్కలే. ఒక కోడలు అత్తగారి బొమ్మ వేసి తోక తగిలించింది. ఆ అత్తగారే వచ్చి, అదెవరో పోల్చుకోలేక, "అచ్చం మా వియ్యపురాలే" అని మురిసిపోయి చుక్క పెట్టి పోయింది.

సభలో మాత్రం రోజూ పొగడ్తలే. "మా రాజు చంద్రుడు", "మా రాజు మామిడిపండు". రాజు గాల్లో తేలిపోతున్నాడు. సంగతేమిటంటే, తెల్లారేసరికి మంత్రి మనుషులు వచ్చి ఫిర్యాదులన్నిటి మీదా సున్నం కొట్టేసేవాళ్ళు. పొగడ్తలకి మాత్రం తామే గుప్పెళ్ళతో చుక్కలు పెట్టేసేవాళ్ళు.

ఇదంతా ఆస్థాన విదూషకుడు దోనెప్పకి తెలిసింది చల్ల అమ్మే గవరమ్మ వల్ల. ఆవిడ అంగడిలో చల్ల తాగనిదే దోనెప్పకి హాస్యం పుట్టదు.

"దోనెప్పన్నా! ఏనుగుల వీధి నడిమధ్యలో పేద్ద గొయ్యి. అందులో పడి నా చల్లకుండలు పగులుతున్నాయని బొమ్మ వేశాను. సున్నం కొట్టారు. మళ్ళీ వేశాను. మళ్ళీ కొట్టారు. ఇవాళ మంత్రిగారే వచ్చి, 'అక్కడ గొయ్యే లేదు, అబద్ధాలు వేస్తావా! రేపు పొద్దుగూకేలోగా అంగడి ఎత్తెయ్' అన్నాడు. ఇది పోతే నా పొయ్యిలో పిల్లి పడుకోవాల్సిందే!"

"గొయ్యి లేకపోవడమేమిటి? నేనూ పడ్డానుగా!"

"వీధికి పరవమని రాజుగారిచ్చిన నాపరాళ్ళన్నీ మంత్రిగారి పెరట్లో ఉన్నాయి. ఆయనకి గొయ్యి ఎలా కనిపిస్తుంది?"

దోనెప్ప ఆలోచనలో పడ్డాడు. రాజుతో చెబుదామంటే మంత్రి పక్కనే ఉండి లేదంటాడు. రాజేమో తెరలు దించిన పల్లకీలో తప్ప కదలడు. రెండో చెంబు చల్ల తాగేసరికి మొహం వెలిగింది.

"బొమ్మ బంగారంలా వేశావు గవరమ్మా. కానీ ఏడుస్తూ వేశావు. ఈసారి నవ్వుతూ వేద్దాం. బొగ్గు ఇలా తే!"

గోడ మీద ఇంతింత అక్షరాలతో రాశాడు: 'ఆహా! మా రాజుగారి ఏలుబడిలో ఏనుగుల వీధి నడుమ ఎంత చక్కని కొలను! ఎండల్లోనూ ఎండదు. గేదెలు జలకాలాడుతున్నాయి. కప్పల కచేరీ ఉచితం. ఇలాంటిది చుట్టుపక్కల ఏ రాజ్యంలోనూ లేదు!'

మంత్రి మనుషులు 'ఆహా' చూశారు, 'రాజుగారు' చూశారు. మిగతాది చదివే ఓపిక ఎవరికుంది? చుక్కలు కుమ్మరించారు. సంగతి తెలిసిన జనం కడుపులు పట్టుకుని నవ్వుతూ వచ్చి ఇంకాసిని పెట్టారు. గోడ తట్టు పోసినట్టు ఎర్రబడింది.

మర్నాడు సభలో అది చదివారు. రాజు సింహాసనం మీంచి గెంతినంత పని చేశాడు.

"నాకు తెలియకుండా కొలను తవ్వించిందెవరయ్యా?"

ఆ కొలను తను లేదన్న గొయ్యేనని మంత్రికి తట్టలేదు. కానీ మెప్పు ఇంకొకడికి పోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన ఒంట్లోనే లేదు.

"నేనే ప్రభూ! తమరిని ఆశ్చర్యపరుద్దామని దగ్గరుండి తవ్వించాను!"

"పాపం చాలా కష్టపడ్డారు ప్రభూ," అన్నాడు దోనెప్ప. "అక్కడికి చేరాల్సిన రాళ్ళు కూడా ఈయనే తీయించేశారు."

"అవునవును, రాళ్ళన్నీ నేనే తీయించాను!"

"అయితే ఈ పూట నా స్నానం అక్కడే!" అన్నాడు రాజు.

తలకి నూనె పెట్టించుకుని, తువ్వాలు చుట్టుకుని పల్లకీ ఎక్కాడు. ముందు బాకాలు, వెనక సున్నిపిండి గిన్నెలు. ఏనుగుల వీధిలో పల్లకీ ఆగింది. తెర తొలగించి చూస్తే బురదగుంట. అందులో కళ్ళు మూసుకుని నెమరేస్తున్న గేదె. దాని వీపు మీంచి ఓ కప్ప రాజుగారి ఒళ్ళోకి దూకింది.

"కొలనేదిరా?" అరిచాడు రాజు.

దోనెప్ప వంగి దండం పెట్టాడు.

"ఎదురుగానే ఉంది ప్రభూ. గేదెగారు కాస్త జరిగితే తమరికీ చోటుంటుంది."

రాజు మంత్రి వైపు తిరిగాడు. మంత్రి మీసాలు వాలిపోయాయి.

"ప్రభూ! ఇది కొలను కాదు, గొయ్యి! దీనికీ నాకూ ఏ సంబంధమూ లేదు!"

"అదేమిటి మంత్రిగారూ, ఇక్కడ గొయ్యే లేదని కదా నిన్న గవరమ్మని అంగడి ఎత్తెయ్యమన్నారు!" అన్నాడు దోనెప్ప. "ఆవిడ వేసిన గొయ్యి బొమ్మకి సున్నం కొట్టించి, ఈ వీధి నాపరాళ్ళు మీ పెరట్లో వేయించుకున్నారు కదా!"

చల్లకుండతో నిలబడ్డ గవరమ్మతో సహా వీధి వీధంతా గొల్లుమంది. రాజు మంత్రిని పైనుంచి కిందికి చూశాడు. "కొలనైతే తవ్వినవాడివి నువ్వే. గొయ్యి అయితే అబద్ధమాడినవాడివీ నువ్వే. ఏది కావాలో కోరుకో!"

మంత్రి సాయం కోసం గేదె వైపు చూశాడు. గేదె మాత్రం "బ్రే..." అంది.

అంతే, రాజుకి నవ్వు ఆగలేదు. బొజ్జ ఊగి తువ్వాలు జారబోతే ఇద్దరు భటులు పట్టుకున్నారు.

"పెరట్లో రాళ్ళు తవ్వి తెచ్చి, ఈ గొయ్యి నువ్వే పూడ్చు! ఇక సున్నం కుంచె పట్టినవాడికి కొరడా దెబ్బలు! ఏ వీధికి ఎన్ని రాళ్ళిచ్చామో, ఎవరు పట్టుకెళ్ళారో, అదీ గోడ మీద అందరికీ కనబడేలా రాయించండి! గవరమ్మా, నీ అంగడి ఎక్కడికీ పోదు. రేపటినుంచి కోటకి చల్ల నీదే!"

"మహాప్రభో, మీ కడుపు చల్లగా!" అంటూ గవరమ్మ అక్కడికక్కడే ఓ ముంత అందించింది. రాజు గటగటా తాగి, మెడలో ముత్యాలహారం తీసి దోనెప్ప మెడలో వేశాడు.

మంత్రి పంచె ఎగ్గట్టి గుంటలోకి దిగి, గేదెని బయటికి లాగబోయాడు. గేదె కదల్లేదు. ఆయనే కూర్చున్నాడు, దాని పక్కన.