తపసి బంక తిన్న నక్క

ఎండలు ముదరకముందే గుట్ట మీది బూరుగ చెట్లు ఆకులన్నీ రాల్చేసి ఒళ్లంతా ఎర్రగా పూశాయి. వాటి పక్కనే తెల్లటి బెరడుతో ఒక తపసి చెట్టు ఉంది. బంక తీసేవాళ్లు దానికి కత్తిగాట్లు పెట్టి వెళ్లారు. కారిన బంక బెల్లం ముక్కల్లా గడ్డకట్టి వేలాడుతోంది. ఆ చెట్టు మొదట్లో, బండల సందులో ఒక కుందేలు తన పిల్లల్ని దాచుకుంది. వాటికింకా గంతులేయడం కూడా రాదు.

ఆ పొద్దున మేతకెళ్లి తిరిగొచ్చేసరికి కుందేలు గుండె ఆగినంత పనైంది. సందులో ఒక నక్క తల దూర్చి ఉంది. కింద పల్లంలో కొత్తగా వేసిన కోకో తోట నుంచి కుక్కలు తరిమితే గుట్టెక్కిన నక్క అది. తిండిలేక బక్కచిక్కి ఉంది. కాస్త ముడుచుకుంటే లోపలికి పోయేలాగే ఉంది.

"లోపల ఎంతమంది పిల్లలు?" అంది నక్క తల బయటికి తీసి.

"ఇద్దరే మామా. పసివాళ్లు, నీ కాళ్లు పట్టుకుంటాను, వదిలెయ్."

"ఇద్దరేనా? అబద్ధం! నలుగురైనా ఉంటారు. నా దగ్గరా నీ వేషాలు?"

నిజం చెబితే నమ్మే రకం కాదని కుందేలుకి అర్థమైపోయింది. వెంటనే ఏడుపు దిగమింగుకుని చెట్టు దగ్గరికెళ్లి, నక్క చూస్తుండగానే చిటికెడు బంక కొరికింది.

"ఏంటే ఆ తినేది?"

"తపసి బంక. చిటికెడు తింటే పొద్దుగూకేదాకా ఆకలెయ్యదు."

"అంతా తింటేనో?"

"అమ్మో, వద్దు మామా! కడుపు ఉబ్బుతుంది. పైన నీళ్లు తాగావా, ఇంక చెప్పక్కర్లేదు."

నక్క పడీపడీ నవ్వింది. "కోకో తోటలో తిరిగినవాణ్ణే నేను! సీమ చెట్టు కాయల గుజ్జు మరిగిన నోరిది. ఈ కొండ చెట్టు జిగురు నన్నేం చేస్తుంది? అంతా నువ్వే మింగుదామని నా చెవిలో పువ్వు పెడుతున్నావా?"

"చెప్పాల్సింది చెప్పాను. ఆపైన నీ ఇష్టం."

నక్క చెట్టు మీద పడింది. బంకకి రుచీపచీ లేదు. అయినా కుందేలు వద్దంటోందంటే ఏదో మహత్తు ఉండే ఉంటుందని ముక్క మిగల్చకుండా మింగేసింది. నోరు పిడచకట్టుకుపోయింది. పక్కనే నీటిగుంట ఉంది.

"నీళ్లు మాత్రం తాగకు మామా!" అని కుందేలు అరిచింది.

ఆ మాట వినగానే నక్క తిన్నగా గుంటలో మూతి పెట్టింది. కడుపునిండా తాగి, బూరుగ చెట్టు మొదట్లో దర్జాగా పడుకుంది. లోపల బంక నీళ్లన్నీ పీల్చుకుని పొంగింది. నక్క పొట్ట చూస్తుండగానే కడవంత అయింది.

ఆయాసపడుతూ లేచి, "ఇక నీ పిల్లల పని పడతా!" అని సందులోకి దూరింది. తల పట్టింది, భుజాలు పట్టాయి, పొట్ట మాత్రం పట్టలేదు. పిల్లలు లోపలి బండకి అతుక్కుపోయి కూర్చున్నాయి. వాటికి నక్క నోరు అందలేదు. కుందేలు వెనక్కి తిరిగి, రెండు కాళ్లూ ఎత్తి నక్క పిర్ర మీద ఈడ్చి తన్నింది. మళ్లీ తన్నింది. తల్లి కడుపుమంట అంతా ఆ తన్నుల్లో ఉంది. నక్క కుయ్యోమంటూ బయటపడి, నిలదొక్కుకోలేక సగం గుట్ట దొర్లింది.

"నన్ను మోసం చేశావే!" అని కిందినుంచి మూలిగింది.

కుందేలు బండెక్కి, పిల్లల్ని చెరోపక్క నిలబెట్టుకుని ఠీవిగా అడిగింది. "ఒక్క అబద్ధమైనా చెప్పానా మామా?"

నక్క ఎంత వెతుక్కున్నా ఒక్కటీ దొరకలేదు. పొట్ట నేలకి రాసుకుంటూ, తలొంచుకుని పల్లంలోకి పోయింది.

లోకమంతా తనలాంటిదే అనుకునేవాణ్ణి మోసం చెయ్యడానికి అబద్ధం అక్కర్లేదు, నిజం చెబితే చాలు.