వెన్ను వీధిలో పెరుగు గిన్నె

…అందుకేనమ్మా ఇందూ, ఇంత ఆలస్యమైంది, ఏమనుకోకు. నువ్వు "అమ్మమ్మా, తాతయ్య జబ్బు నాకూ వస్తుందా" అని అడిగి ఎన్నాళ్ళయిందో! రోజూ ఫోన్ తియ్యడం, నీకు పంపడానికి మాటలు రికార్డు చెయ్యడం, కోపంలో ఏదో ఒకటి అనెయ్యడం, చెరిపెయ్యడం.

కోపం ఎవరి మీదంటావా? మా అక్క మీదే, మీ పెద్దమ్మమ్మ మీద. సెలవుల్లో నువ్వు ఒకే కంచంలో కలిపి, తాతయ్యకో ముద్ద, నీకో ముద్ద పెట్టుకుంటుంటే చెయ్యి పట్టి లాగేసిందిగా! "ఆయన చెయ్యి పడిపోయింది, నీదీ పడిపోతుంది" అని. అప్పట్నించీ నువ్వు తాతయ్యతో ఫోన్లో కూడా మాట్లాడట్లేదు. ఎల్లుండి మీ అమ్మ ఇక్కడికి వస్తుంటే నువ్వు రానన్నావట.

సరే, దుప్పటి కప్పుకుని పడుకుని విను. నీ కోసమే ఈ కథ.

అనగనగా ఒక ఊరు. ఊరంటే మన ఒళ్ళే. అందులో నడుమ్మీంచి మెడ దాకా ఒక పొడుగాటి వీధి. దాని పేరు వెన్ను వీధి. ఆ వీధిలో పరుగులయ్య అని ఒకడుండేవాడు, నరమన్నమాట. పైనించి మెదడు దొరగారు కబురు పంపితే, పట్టుకెళ్ళి చేతికి చెప్పడం వాడి పని. "ఇదిగో, బొత్తాం పెట్టమన్నారు! ఇదిగో, దురదట, గోకమన్నారు!" అలా పొద్దస్తమానం పరుగే.

మరి అంత పరిగెత్తేవాడికి తిండెవరు పెడతారు? పక్కింటి చుక్కమ్మ. వేళకి ఇంత పెట్టేది, వాడి గుమ్మం ముందు ఎంగిలీ చెత్తా ఊడ్చేది. ఇంకో పక్కన కాపలా వీరన్న. దొంగలొస్తే కర్ర తీసుకుని తరిమేవాడు. ఈ ఇద్దరూ లేకపోతే పరుగులయ్య ఒక్క పూట కూడా బతకలేడు.

ఆ వీధిలో ఒక మర్యాద ఉంది, మన వీధిలో లాగే. ఒకళ్ళింటి నించి గిన్నె వస్తే ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏదో ఒకటి వేసే పంపాలి. ఇవాళ తోడుకి చెంచాడు పెరుగు వీళ్ళిస్తే రేపు వాళ్ళు. అలా గిన్నెలు గుమ్మం గుమ్మం తిరుగుతూనే ఉండేవి. వీధి వీధంతా ఆ గిన్నెల మీదే బతికేది.

అప్పుడేమైందంటే, ఒక ఇంట్లో పెరుగు పాడైంది. జిగురులా తీగలు సాగింది. ఎందుకు పాడైందో తాతయ్యని చూసే డాక్టరమ్మని అడిగితే, "మీ ఆయన విషయంలో మాకూ తెలీదండీ" అంది. కానీ మా అక్కకి మాత్రం తెలుసట! ఏదో పాపం చేసుంటారట! కూర్చో అక్కా, కూర్చుని మజ్జిగ తాగు అన్నాను. ఇంకేమంటాను?

ఆ తర్వాత ఆ పాడు పెరుగే చెంచాడు తోడుకని పక్కింటికి వెళ్ళింది. వాళ్ళ పాలూ అలాగే తీగలు సాగాయి. అక్కణ్ణించి ఇంకో ఇంటికి. అక్కణ్ణించి చుక్కమ్మ ఇంటికి.

"ఏమ్మా చుక్కమ్మా, పెరుగిలా సాగుతోందేంటి?" అన్నాడు పరుగులయ్య.

"ఊరుకోండన్నయ్యా, ఇచ్చినావిడ వింటే ఏమనుకుంటుంది!" అంది చుక్కమ్మ.

చూశావా? మర్యాదట! ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నోరు విప్పి "ఇది పాడైంది, పారబొయ్యండి" అనలేదు. పైగా గిన్నె ఖాళీగా పంపకూడదు కదా, అందుకని దాన్నే వేసి పంపారు! నాకు ఒళ్ళు మండిపోతుందే తల్లీ.

ఆ తర్వాత అది తిని చుక్కమ్మ మనిషే మారిపోయింది. ఊడవడం మానేసింది. చెత్త పరుగులయ్య గుమ్మం ముందే కుళ్ళింది. బలానికి పెట్టే చేత్తోనే విషం పెట్టింది. వీరన్నకేమో పిచ్చి కోపం పట్టుకుంది. దొంగనొదిలేసి పరుగులయ్యనే బాదాడు.

అప్పుడు పరుగులయ్య నీరసపడ్డాడు. ముందు బొత్తాం కబురు అందలేదు. ఆ తర్వాత చెంచా కబురు అందలేదు. ఆ తర్వాత పై వీధిలో వాడి తమ్ముడూ పడ్డాడు, నాలిక్కి కబురు తీసుకెళ్ళేవాడు. అందుకే తాతయ్య మాట ముద్దగా వస్తుంది. మెదడు దొరగారు మాత్రం పైన శుభ్రంగానే ఉన్నారు, నీ పేరు పిలుస్తూనే ఉన్నారు. కబురే కిందికి రావట్లేదు.

అప్పుడు తాతయ్యని చూసిపోడానికి వచ్చినవాళ్ళు ఏమన్నారో తెలుసా? ఒకాయన "బద్ధకం, వ్యాయామం చెయ్యాలి" అన్నాడు. ఒకావిడ "నువ్వు గారం చేసి పాడు చేశావు" అని నన్నంది. మూడోది మా అక్క, ఆవిడ సంగతి చెప్పానుగా. పరిగెత్తి పరిగెత్తి పడిపోయినవాణ్ణి పట్టుకుని బద్ధకమంటారా!

ఇప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లు ఆ గిన్నెల వెనకాల పడ్డారట; ఆ పాడు పెరుగుని వాళ్ళు పాడైన ప్రోటీన్ అంటారట. ఏ ఇంటి నించి ఏ ఇంటికి వెళ్తోంది, ఎక్కడ ఆపాలి, చుక్కమ్మని మళ్ళీ మంచి చెయ్యడమెలా అని. పూర్తిగా నయం చేసే మందింకా దొరకలేదమ్మా. నీకు అబద్ధం చెప్పను.

కానీ అసలు మాట విను. వెన్ను వీధి గిన్నెలు ఆ ఊళ్ళోనే తిరుగుతాయి. ఊరి చుట్టూ చర్మం గోడ ఉంది. ఆ గోడ దాటి తాతయ్య ఒంట్లోంచి నీ ఒంట్లోకి ఏ గిన్నే రాదు. కంచంలోంచి రాదు, ముద్దలోంచి రాదు, ముద్దు పెట్టుకుంటే రాదు. డాక్టరమ్మని గుచ్చి గుచ్చి అడిగాను. "మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోమనండి" అంది. మా అక్కకీ ఫోన్ చేసి చెప్పాను. పెట్టేసింది. పెట్టేసుకోనీ!

ఇంక నిద్రపో. ఇదిగో చివరి పాట.

కథ కంచి దారి పట్టింది,
గిన్నె గోడ దగ్గరాగింది,
కంచంలో ముద్ద కాచుకుంది,
ఇందూ పాప ఇంటికి…

"అత్తయ్యా! ఒకసారి రండి!"

ఆఁ సుహాసినీ! ఏంటమ్మా?

"మావయ్యగారు అడుగుతున్నారు, ఫోన్లో ఇందేనా అని. ఎల్లుండి వస్తుందా అని."

వింటున్నావుటే ఇందూ? మీ అత్త ఏమంటోందో విన్నావా? ఏం చెప్పమంటావే తాతయ్యకి… ఆఁ, వస్తున్నానండీ, వస్తున్నా…